పన్నెండు ముక్కల తొవ్వ

కుర్మయ్య మొదటిసారి ఆ టోపీ పెట్టుకుని పడుకున్నది మిట్టమధ్యాహ్నం పూట. ఎండకు రేకుల కప్పు చిటపటమంటోంది. కిటికీ అవతల కనుచూపు మేరా గడ్డే. మంచం పక్కన కూర్చున్న కూతురు ఈదమ్మ, అతని తలకు పెట్టిన మెత్తటి టోపీలో తీగలన్నీ ఒకసారి సరిచూసి, "భయమైతున్నదా నాయినా?" అని అడిగింది.

"పండుకునేటందుకు భయమెందుకే? పండుకునుడే పని అన్నోళ్లను నేనైతే యాడ సూడలే," అని నవ్వి కళ్లు మూసుకున్నాడు.

నలభై ఏళ్లు గొర్రెల వెంట నడిచిన మనిషి అతను. పాలమూరులో గడ్డి ఎండిపోగానే మందను తోలుకుని కృష్ణ ఒడ్డుకు, రేవు దాటి ఇంకా దిగువకు పోయేవాడు. తొలకరి పడగానే మళ్లీ వెనక్కి. నడుస్తూ నడుస్తూనే కునుకు తీసేవాడు. అయినా అడుగు దారి తప్పేది కాదు. అయిదేళ్ల వయసులో అతని భుజాల మీద కూర్చుని ఆ నిద్ర నడకను చూసింది గనుకనే, ఈ పనికి తెచ్చిన అయిదుగురూ తలనొప్పులతో మంచం పట్టాక, ఇక్కడి ప్రయోగశాలలో పనిచేసే ఈదమ్మ తండ్రి పేరు రాసిచ్చింది. ఆమె అడిగిన నెలకు కుర్మయ్య భుజాన గొంగడి వేసుకుని ఆఫ్రికాలో విమానం దిగాడు.

ఆ మైదానంలో ఒకప్పుడు వైల్డ్‌బీస్ట్‌లనే గడ్డాల అడవి గొడ్లు లక్షలుగా వానల వెంట తిరిగేవి. ఫిబ్రవరిలో దక్షిణాన ఈనేవి. మే నెలలో కదిలి, పడమటి వాగుల మీదుగా ఉత్తరానికి పోయి, మారా నది దాటి, చివరి వానలతో తిరిగి వచ్చేవి. తర్వాత వరసగా కరువు, కరువు వెంట రోగం, వాటికి తోడు దారికి అడ్డంగా కంచెలు. కంచెలు పీకేసే నాటికి దారి ఎరిగిన ముసలి తల్లులు పన్నెండే మిగిలాయి. అవి నడిచినంత కాలం వాటి మెదళ్లలో మెదిలినదాన్నంతా మెడ పట్టీలతో పట్టి దాచారు. తర్వాత అవీ పోయాయి. దొడ్లో పుట్టి పెరిగిన నాలుగు వందల పిల్ల జీవాలకు మాత్రం గిట్టలున్నాయి గానీ దారి లేదు.

చిక్కు ఏమిటంటే, పన్నెండు తల్లులకూ పన్నెండు ముక్కలే తెలుసు. ఒకదానికి వాగు దాటడం, ఒకదానికి ఉప్పునేల, ఒకదానికి నది. ముక్కలను అలాగే పిల్లలకు ఎక్కిస్తే అవి ఉన్నచోటనే గిరగిరా తిరిగి పడిపోయాయి. కంప్యూటరు వాటిని అతికితే గీత వచ్చింది గానీ నడక రాలేదు. చివరికి ప్రయోగశాల పెద్ద డాక్టర్ వంజిరుకు తట్టింది. తెగిన సంగతులను అతికి ఒక వరసలో పెట్టేది నిద్రలో ఉన్న మెదడే. మనిషి కలలో అతకాలి, ఆ కలను పిల్లలకు ఇవ్వాలి.

నలభై నిమిషాలకు కుర్మయ్య కళ్లు తెరిచాడు.

"వాన పడుతున్నది బిడ్డా. మస్తు దూరం. ముక్కుకు కాదు, గిట్టలకు తెలుస్తున్నది. భూమి లోపటికెళ్లి ఎవలో సన్నగ గుంజుతున్నట్టు." అంతలోనే సిగ్గుపడ్డాడు. "నా కడుపుల పిల్ల ఉండె. ముసలోనికి కడుపేందే!"

తెర మీద రెండు ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని సన్నటి నీలిగీత అయ్యాయి. ఎప్పుడూ ముక్తసరిగా మాట్లాడే వంజిరు ఈదమ్మ భుజం పట్టుకుని ఊపేసింది.

రోజు విడిచి రోజు ఒక కల. మిగతా వేళల్లో జీవితం మామూలుగానే గడిచేది. కుర్మయ్య పొద్దున్నే క్వార్టర్సు ముందు పొయ్యి రాజేసి జొన్నరొట్టెలు కొట్టేవాడు. ఆ వాసనకు లెమయాన్ వచ్చేవాడు. అతను పశువులు కాచే మసాయి తెగవాడు, దొడ్డి కాపలాదారు, దాదాపు కుర్మయ్య ఈడువాడే. ఇద్దరికీ కలిసిన భాష లేదు. ఒకడు తెలుగులో, ఒకడు మసాయిలో పశువుల రోగాల గురించీ, నక్కల గురించీ గంటలకొద్దీ మాట్లాడుకునేవారు. ఈదమ్మ మధ్యలో ఏదైనా అనువదించబోతే ఇద్దరూ విసుక్కునేవారు.

"నీకు తెల్వదు తియ్. మాకు అర్థమైతున్నది," అనేవాడు కుర్మయ్య. వైల్డ్‌బీస్ట్‌లకు అతను పెట్టిన పేరు గడ్డపు గొడ్లు. ఆ మాట లెమయాన్‌కు కూడా నోరు తిరిగింది.

కలలు అతనికి నచ్చాయి. రొట్టె కొడుతూ కొడుతూ ఆగిపోయి, రాత్రి విన్న కథలా చెప్పేవాడు. గడ్డి మీద మబ్బు నీడ పోతుంటే దాని వెంట మంద పోతుందట. కళ్లు మూసుకున్నా ముందున్న దాని తోక కనిపిస్తుందట. వేల గిట్టల చప్పుడు ఒంట్లోకి దిగి గుండె చప్పుడుతో కలిసిపోతుందట. "ఒక్కన్ని నడిచిన గద బిడ్డా ఇన్నేండ్లు. మందల ఉండుడంటే ఏందో ఇప్పుడు ఎరుకైంది," అన్నాడొకసారి. ఆ మాట అన్నప్పుడు అతని ముఖం చిన్నపిల్లవాడి ముఖంలా ఉంది.

ఏడో కల అయిన మర్నాడు, బిందె పట్టుకుని నీళ్ల కుళాయికి పోయినవాడు ఎంతకీ రాలేదు. కుళాయి రెండు వందల అడుగుల దూరం. ఈదమ్మ వెతుక్కుంటూ పోతే, కుళాయి దాటి ఇంకా అంత దూరాన గడ్డిలో నిలబడి ఉన్నాడు. నిండు బిందె భుజాన ఉంది. ముఖం వాయవ్యానికి తిరిగి ఉంది.

"నాయినా, ఈడేం జేస్తున్నవ్?"

"ఇల్లు యాడికి పోయిందే?" అన్నాడు నెమ్మదిగా. నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

ఆమె బిందె అందుకుంది. ఇంటికి తీసుకొచ్చి కూర్చోబెట్టి, "మన గొర్ల తొవ్వ చెప్పు నాయినా," అంది. ఆ దారి అతనికి నాలుక చివర ఉండే పాఠం. చిన్నప్పుడు ఆమెను నిద్రపుచ్చడానికి పాటకు బదులు అదే చెప్పేవాడు.

కుర్మయ్య గాలిలో వేలితో గీస్తూ మొదలుపెట్టాడు. "ఊరు దాటంగనే ఎర్రగుట్ట. గుట్ట ఎనుక జంట యాపలు. ఆడికెళ్లి పాడువడ్డ మోటబాయి. కందిచేన్ల నడుమ సందు. ఇగ కృష్ణ రేవు..."

"రేవు దాటినంక?"

"రేవు దాటినంక నల్లరేగడి. గా తర్వాత..." వేలు గాలిలోనే ఆగిపోయింది. కళ్లు మూసుకుని, తెరిచి, మళ్లీ మూసుకున్నాడు. "గడ్డి ఉన్నది. నడుముల ఎత్తు గడ్డి. గిది మన దిక్కు గడ్డి గాదు బిడ్డా."

ఈదమ్మ అడగలేక అడిగింది. "అవ్వను పెట్టిన జాగ?"

రేవు దాటాక ఎక్కడో ఒక చేను గట్టున, మంద ఆగిన చోట, మూడు రోజుల జ్వరంతో ఈదమ్మ తల్లి చెన్నమ్మ పోయింది. అక్కడే పూడ్చి రాయి పాతాడు. రాయిని ఏనాడో నాగళ్లు లేపేశాయి. ఏటా మంద అటు పోయినప్పుడు కుర్మయ్య మాత్రం సరిగ్గా అక్కడికే పోయి ఒక పూట ఆగేవాడు. తల్లి పోయేనాటికి ఈదమ్మకు అయిదేళ్లు. ఆ తర్వాత హాస్టల్లో చేరింది, ఇంకెన్నడూ ఆ దారిన పోలేదు. ఆ చోటు తెలిసిన మనిషి లోకంలో ఒక్కడే.

"దాని ముఖం యాదికున్నది," అన్నాడు వేలు దించుకుని. "ముక్కుపుల్ల యాదికున్నది. జాగనే... రాలేదు."

పరీక్షలన్నీ చేసి వంజిరు, ఈదమ్మ తెర ముందు కూర్చున్నారు. మెదడులో ఎక్కడా దెబ్బ లేదు. మనుషులూ మాటలూ రుచులూ అన్నీ ఉన్నచోటనే ఉన్నాయి. చోట్లను దాచుకునే అర మాత్రం పాతది ఖాళీ అవుతూ కొత్తదానితో నిండుతోంది. కల ఒక ముక్క అతికినప్పుడల్లా అతని సొంత దారిలో ఒక ముక్క చెరిగిపోతోంది.

వంజిరు లేచి యంత్రం ఆపేసింది. "దొడ్లో గడ్డి ఇంకో మూడు వారాలకే సరిపోతుంది. వానలు అప్పుడే ఉత్తరానికి మళ్లాయి. అది వేరే సంగతి," అంది. "మీ నాన్నకు ఏదీ దాచకుండా చెప్పు. ఆయన కావాలంటే తప్ప మళ్లీ ఆ టోపీ ముట్టుకోను. ఆయన కావాలన్నా, నువ్వు వద్దంటే ముట్టుకోను."

ఈదమ్మ చెప్పింది. కుర్మయ్య అంతా విని గొంగడి దులుపుకుని దొడ్డి దగ్గరికి పోయాడు. ఆ రోజంతా లెమయాన్ పక్కన కంచె పట్టుకుని నిలబడ్డాడు. లోపల పిల్ల జీవాలు ఎముకలు తేలిన వీపులతో, తిన్నచోటే తిరిగి వాసన చూస్తున్నాయి. పొద్దు వాలుతుండగా ఈదమ్మ అతన్ని తీసుకురావడానికి పోయింది.

"ముసలి తల్లులల్ల నాలుగోది ఉండె సూడు, చెవు తెగింది," అన్నాడు కంచె మీంచి చూపు తిప్పకుండా. "దాని తొవ్వల ఒక వాగున్నది. గా వాగుకాడ దాని పిల్ల సచ్చిపోయింది, ఎప్పుడో. అయినా ఏటా గాడ నిలవడ్తది. ఎందుకు నిలవడ్తదో దానికే తెల్వదు. జరసేపు నిలవడి మల్ల పోతది. గది ఇప్పుడు నా లోపల ఉన్నది బిడ్డా."

"అవ్వ జాగ పోయింది నాయినా. నీ పేరు రాసిచ్చింది నేను. పోగొట్టింది నేను."

"నువ్వు అడిగితివి, నేను పండుకుంటి. ఇద్దరం జేసిన పనే." ఆమె వైపు తిరిగాడు. "మన తొవ్వల ఇప్పుడు గొర్లు నడుస్తున్నయా? ప్లాట్లు జేసిండ్రు, గోడలు పెట్టిండ్రు. గా తొవ్వ నా తలకాయల తప్ప యాడ లేదు. నేను పోతే గది గూడ పోతుండె. గిదైతే నాలుగొందల జీవాలు నడిచే తొవ్వ. నడుమంత్రంల ఇడిసిపెడ్తే మంద ఆగమైతది."

"నువ్వు ఆగమైతవ్ నాయినా!"

"నాకు నువ్వున్నవ్ గద," అన్నాడు, అదేం పెద్ద సంగతి కానట్టు.

ఆమె గడ్డిలో కూలబడి ఏడ్చింది. కుర్మయ్య పక్కన నిలబడి, ఏడుపు అయ్యేదాకా ఆగాడు. మర్నాటి మధ్యాహ్నం టోపీ ఆమే పెట్టింది.

ఎనిమిది. తొమ్మిది. ఒక్కో కల తర్వాత అతని లోకం ఒక్కో అడుగు చిన్నదయింది. ముందు ఊరు పోయింది. తర్వాత పుట్టిన ఇంట్లో పొయ్యి ఏ మూల ఉండేదో పోయింది. పదో కల తర్వాత మంచం మీంచి లేచి తలుపు కోసం నాలుగు గోడలూ తడిమాడు. భయం మాత్రం పడలేదు. ఎప్పుడూ దూరపు వాన చప్పుడు వింటున్నవాడిలా తల కొద్దిగా వంచి ఉండేవాడు. పన్నెండో ముక్క అతుక్కున్న రోజు, తెర మీద నీలిగీత చుట్టూ తిరిగి వచ్చి తన తోకను తాను కలుసుకుంది. గదిలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

మూడు రోజుల తర్వాత ఆ కలను పిల్లల మెడ పట్టీల్లోకి వదిలారు. ఎండపూట, నీడల్లో పడుకున్న నాలుగు వందల జీవాలు నిద్రలోనే ఒక్కసారిగా కాళ్లు కదిపాయి. లేవలేదు. పడుకునే నడిచాయి, ఒకే వరసలో, ఒకే అడుగుగా. గడ్డి మీద ఒక అల పోయినట్టుంది. ఒక్కటీ పడిపోలేదు. లెమయాన్ తన నెత్తి మీది ఎండ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

మర్నాడు గేటు తెరిచారు. అన్నీ వాయవ్యానికి ముఖం పెట్టి నిలబడ్డాయి. ఒక్కటి కూడా కదల్లేదు.

రెండు రోజులు అలాగే. గేటు బార్లా తెరిచి ఉంది. దిబ్బ మీద రెండు సింహాలు వచ్చి కూర్చున్నాయి. వంజిరు తల పట్టుకుంది. ముసలి తల్లులు ఎప్పుడూ ఒకదాన్ని చూసి ఒకటి కదిలాయి. మొదటి అడుగు వేసిన జ్ఞాపకం ఏ ఒక్కదాని ముక్కలోనూ లేదు.

"గేటు దిక్కు నన్ను తిప్పు బిడ్డా," అన్నాడు కుర్మయ్య.

ఆమెకు ఏం చేయబోతున్నాడో అర్థమైంది. అయినా తిప్పింది. అతను గొంగడి నెత్తిన కప్పుకుని, జీవాల మధ్యలోంచి అన్నిటికంటే ముందుకు పోయి, నిలబడలేదు. అట్లాగే నడిచాడు. తలుపు దొరకక గోడలు తడిమిన మనిషి, అంత మైదానంలో దారం గుంజినట్టు తిన్నగా పోయాడు. ముందు ఒక పిల్ల మెడ చాచింది. తర్వాత పది. తర్వాత నేల కదిలినట్టు మందంతా.

ముప్పై మూడు రోజులు నడిచారు. కుర్మయ్య ముందు, పక్కన బల్లెంతో లెమయాన్, వెనక దూరంగా జీపులో ఈదమ్మ, ఇద్దరు అడవి గార్డులు. పొద్దున్నే మంచు పొగలో తండ్రి కనిపించేవాడు కాదు, నల్లటి వీపుల ముందు గొంగడి కొన మాత్రమే తేలుతూ ఉండేది. మధ్యాహ్నాలు నడుస్తూనే కునుకు తీసేవాడు. అతను ఆగితే మంద ఆగేది. ఎడమకు తిరిగితే, ఆ మలుపులో ఏముందో ఎవరికీ తెలియకుండానే, గంట తర్వాత నీళ్లు కనిపించేవి. వాన సరిగ్గా ఒక రోజు ముందు నడుస్తోంది. వాళ్లు చేరేసరికి నేల తడిగా, గడ్డి లేతగా ఉండేది. దారి వెంట కొన్ని పోయాయి, సింహాలకు కొన్ని, కాళ్లు విరిగి కొన్ని. కుర్మయ్య వెనక్కి చూసేవాడు కాదు.

ఇరవై ఒకటో రోజు, నీళ్లు గానీ నీడ గానీ లేని ఒక బోడి నేల మీద ఆగిపోయాడు. మందంతా ఆగింది. ఈదమ్మ జీపులో నీలిగీత తెరిచి చూసింది. పన్నెండు తల్లుల్లో ఏదీ అక్కడ ఆగలేదు. దిగి దగ్గరికి పోయింది.

"ఈడ ఎందుకు నిలవడ్డవ్ నాయినా?"

"తెల్వది. నిలవడ బుద్ధయింది." అతని కళ్లల్లో నీళ్లున్నాయి. ఎందుకో అతనికే తెలియలేదు. "జరసేపు నిలవడి పోదం."

ఆమెకు తెలిసింది. రేవు అవతల అతను ఏటా ఆగేది ఇలాగే. నాలుగు వందలకు కొన్ని తక్కువ జీవాలు తలలు దించుకుని, గడ్డి మేయకుండా, ఒక పూటంతా ఆ బోడి నేల మీద నిలబడ్డాయి. ఆమె కూడా వాటి నడుమ చెప్పులు విడిచి నిలబడింది. అయిదేళ్ల పిల్లగా అవ్వ దగ్గర నిలబడ్డాక మళ్లీ ఇప్పుడే. పొద్దు వాలాక కుర్మయ్య కదిలాడు.

ముప్పై మూడో రోజు నది. గోధుమరంగు నీళ్లు వడిగా పోతున్నాయి. గట్టు కింద దుంగల్లా మొసళ్లు. మంద గట్టు మీద గుమికూడింది. కుర్మయ్య ఆగలేదు. ఈదమ్మ పరుగెత్తి అతని నడుము పట్టుకుంది.

"నాయినా, ఇది వాటి తొవ్వ! నీది గాదు!"

అతను గింజుకున్నాడు. ముసలి ఒంట్లో అంత బలం ఎక్కడిదో, ఆమెను రెండు బారల దూరం ఈడ్చుకుపోయాడు. లెమయాన్ వచ్చి పట్టుకున్నాడు. ముగ్గురూ గట్టు మీద బురదలో పడ్డారు. వాళ్ల పక్కనుంచి ఒక పిల్ల నీళ్లలోకి దూకింది. ఇంకొకటి. ఆ తర్వాత లెక్క లేదు. బురద, నురుగు, అరుపులు, గిట్టలు. ఈదమ్మ తండ్రి మీద బోర్లా పడి కళ్లు మూసుకుంది.

కళ్లు తెరిచేసరికి అవతలి గట్టున జీవాలు ఒళ్లు విదిలించుకుంటున్నాయి. ఆ గట్టు దాటి పచ్చదనం కొండల దాకా పోయింది. కుర్మయ్య లేచి కూర్చున్నాడు. ముఖంలోంచి ఆ వాన వినే చూపు మెల్లగా దిగిపోయింది. ఆకాశాన్నీ నీళ్లనూ గడ్డినీ ఒకదాని తర్వాత ఒకటి చూశాడు.

"ఇగ ఎటు వోవాలె బిడ్డా?" అన్నాడు.

పుట్టి బుద్ధెరిగాక అతను ఎవరినీ దారి అడగడం ఆమె చూడలేదు. చెయ్యి చాపింది. పట్టుకుని లేచాడు.

ఆ తర్వాత వంజిరు యంత్రాన్ని విప్పించి, మనిషికి ఇంకెప్పుడూ పెట్టకూడదని రాసి సంతకం చేసింది. నవంబరులో మంద తనంతట తాను తిరిగి వచ్చింది. లెక్కపెడితే మూడు వందల పదకొండు. ఏడాది తిరిగాక ఫిబ్రవరిలో తొలిచూలు పిల్లలు పుట్టాయి. వాటి మెడలకు పట్టీలు కట్టలేదు. ఈదమ్మ ప్రయోగాలు మాని, మందను లెక్కించే పనిలో చేరి, తండ్రితో అక్కడే ఉండిపోయింది. కుర్మయ్య రొట్టెలు కొడతాడు, లెమయాన్‌తో గంటలు మాట్లాడతాడు, కూతురు పిలిస్తే పలుకుతాడు. అడుగు వేయాలంటే మాత్రం ఎవరైనా చెయ్యి పట్టుకోవాలి.

మే నెలలో ఒక పొద్దున మంద కదిలింది. ముందు మనిషి లేడు. ఈదమ్మ తండ్రిని బయటికి తెచ్చి స్టూలు మీద కూర్చోబెట్టింది. తల్లుల పక్కన పిల్లలు గెంతుతూ పోతున్నాయి. ఆఖరున ఒక చిన్న పిల్ల వెనకబడి, ఆగి, దిక్కులు చూసింది. ఈదమ్మ లేవబోయింది. కుర్మయ్య ఆమె మోచెయ్యి పట్టి ఆపాడు. పిల్ల తల కొద్దిగా వంచింది. ఏదో విన్నట్టుగా నిలబడి, ఒక్క ఉదుటున పరుగెత్తి దుమ్ములో కలిసిపోయింది.

"పోయింది," అన్నాడు కుర్మయ్య. దుమ్ము అణిగాక, "ఇంట్లకు తీస్కపో బిడ్డా," అన్నాడు.

ఇల్లు వాళ్ల వెనకే, పదడుగుల దూరంలో ఉంది. ఈదమ్మ అతని చెయ్యి పట్టుకుని లేపింది. తలుపు వైపు కాకుండా గడ్డిలోకి నడిపించి, కుళాయి పక్కనుంచి, ఖాళీ దొడ్డి చుట్టూ తిప్పి, మెల్లగా, పొద్దు నెత్తికెక్కేదాకా నడిచి ఇంటికి తీసుకుపోయింది.